శివరాత్రి నుంచి ఉగాది దాకా మిద్దె తోటలో పూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు ఫోన్ నిండా అవే ఫొటోలు, అవే ప్రశ్నలు. అక్కా మొగ్గలు రాలిపోతున్నాయి, అక్కా ఆకులు మాడిపోయాయి, అక్కా నిన్న రాత్రి వాన పడింది ఇప్పుడేం చేయాలి... ఒక్కొక్కరికి విడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒక్కచోట పెడుతున్నా. మాది హైదరాబాద్, రెండో అంతస్తు పైన డాబా, చిన్నా పెద్దా కలిపి ఒక నూట ఇరవై కుండీలు ఉంటాయి. నేను చెప్పేదంతా ఆ డాబా మీద చూసిందే కాబట్టి విశాఖ, కాకినాడ వైపు ఉక్కపోతలో ఉండేవాళ్లు కాస్త మార్చుకుని చదవండి.

మనకసలు వసంతం ఎప్పుడండి? ఫిబ్రవరిలోనా, ఉగాదికా?

పంచాంగం ప్రకారం అయితే మాఘం, ఫాల్గుణం శిశిరం, అంటే ఆకులు రాలే కాలం, వసంతం ఉగాదితో మొదలు. వాతావరణ శాఖ వాళ్ల లెక్కలో జనవరి, ఫిబ్రవరి చలికాలం, మార్చి 1 నుంచి ఎండాకాలం ఖాతాలోకే పోతుంది, వసంతం అనే గడే లేదు అందులో. మొక్కలు ఈ రెండూ చూడవు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారు కదా, డాబా మీద అది చాలావరకు కరెక్టే. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పగలు 32 డిగ్రీల దాకా పోయినా రాత్రి 17, 18కి దిగుతుంది, మార్చి మధ్యకొచ్చేసరికి పగలు 35, 36, రాత్రి 20 దాటుతుంది. ఆ రాత్రి చలి ఉన్నన్నాళ్లే మన వసంతం. ఉగాది పచ్చడి తినేటప్పటికి డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, అదేం వసంతమో మరి.

ఇప్పుడు ఏమేం పూస్తాయి?

డాబా మీద అయితే గులాబీలు బాగా వస్తాయి, కాగితం పూలు మొదలవుతాయి, నర్సరీలో కొన్న పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్ ఫుల్లుగా ఉంటాయి. డిసెంబరాలు, చామంతి అయిపోవచ్చాయి. మందారం, నందివర్ధనం ఎప్పుడూ ఉండేవే. మల్లె మార్చిలో మొదలవుతుంది.

కానీ అసలు చూడాల్సింది కింద రోడ్డు మీద. టబెబుయా చెట్లు ఒక్క ఆకు లేకుండా గులాబీ రంగులోనో పసుపులోనో నిండిపోతాయి, బూరుగ చెట్టు ఎర్రగా పూస్తుంది, కాకులూ మైనాలూ దాన్ని వదలవు. కాస్త ఊరు దాటితే మోదుగ. దూరం నుంచి చూస్తే చెట్టుకి నిప్పంటుకున్నట్టే ఉంటుంది, అందుకే అగ్గిపూలు అంటారు కొన్ని చోట్ల. మా చిన్నప్పుడు హోలీకి ముందు రోజు ఆ పూలు తెచ్చి నీళ్లలో మరిగిస్తే నారింజ రంగు దిగేది, పొద్దున్నకి చల్లారాక బకెట్ బకెట్లు పోసుకోవడమే. ఇప్పటి ప్యాకెట్ రంగులు వారం రోజులు చెవుల వెనక నుంచి పోవు.

నర్సరీ మేళాలో పెటూనియాలు కొన్నాను, నెలకే ఎండిపోయాయి. ఏం తప్పు చేశాను?

ఏమీ లేదు. నెక్లెస్ రోడ్డు మేళాలో కళ్లు జిగేల్‌మనేలా పెడతారు, మనం ఆగలేం, కొనేస్తాం. అవి చలికాలపు మొక్కలు, అక్టోబర్‌లో నాటుకుంటే నాలుగు నెలలు పూస్తాయి, ఫిబ్రవరిలో కొంటే మిగిలేది నెలే. పూలదండ కొన్నట్టు అనుకుని చూసి ఆనందించండి. వాడిన పూలు గిల్లేస్తూ ఉంటే, మధ్యాహ్నం నీడ తగిలే చోట పెడితే ఇంకో రెండు మూడు వారాలు లాగొచ్చు.

మల్లెలు! పోయినేడు చెట్టు నిండా ఆకులే, పూలు నాలుగంటే నాలుగు. ఈసారి పూయాలంటే ఏం చేయాలి?

ఇది అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది, అందుకని కొంచెం పొడుగ్గా చెప్తా. మల్లె మొగ్గ వచ్చేది కొత్త చిగురు చివర. పాత కొమ్మ అలాగే ఉంచి నీళ్లు పోస్తూ ఉంటే అది ఆకులు వేసుకుంటూ హాయిగా బతికేస్తుంది, దానికి పూయాల్సిన అవసరం ఏముంది. అందుకే మల్లె తోటల రైతులు చలికాలంలో నీళ్లు ఆపేసి, ఆకు దూసేసి, కొమ్మలు కత్తిరించి, తర్వాత ఎరువేసి తడి పెడతారు. మైలవరం వైపు మల్లె తోటలు చూసినవాళ్లకి తెలుస్తుంది, ఆ టైంలో తోటంతా మోడుల్లా ఉంటుంది, రెండు నెలలు తిరక్కుండా తెల్లగా అయిపోతుంది.

కుండీలో కూడా అదే పద్ధతి, చిన్న సైజులో. సంక్రాంతి లోపు ఒక పది రోజులు నీళ్లు తగ్గించాలి, పూర్తిగా ఎండబెట్టకుండా, ఆకు కాస్త వాలేదాకా. తర్వాత మొక్కని సగానికి కత్తిరించి మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేయాలి. మొదటిసారి చేసినప్పుడు మా అత్తగారు చూసి "చంపేశావు కదే దాన్ని" అన్నారు, మార్చిలో ఆవిడే పూలు కోసి దండ కట్టారు. కత్తిరించాక పైన రెండంగుళాల మట్టి తీసి వర్మీ కంపోస్ట్, గుప్పెడు వేప పిండి కలిపి నింపి, బాగా నీళ్లు పోసి, రోజుకి కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోట పెట్టండి. నీడలో పెట్టి మల్లె పూయలేదంటే నేనేం చేయలేను.

సంక్రాంతికి మర్చిపోయి ఇప్పుడు గుర్తొచ్చిందా, పర్లేదు, చివర్లు నాలుగైదు అంగుళాలు తుంచి ఆకు దూయండి, పూలు ఒక నెల ఆలస్యంగా వస్తాయి అంతే. ప్రతి విడత పూశాక పూసిన కొమ్మ చివర రెండు జతల ఆకుల కింద గిల్లితే మళ్లీ చిగురు, మళ్లీ మొగ్గ. యూరియా మాత్రం వేయొద్దు, ఆకుల మల్లె అయిపోతుంది. అన్నట్టు 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పం కూడా మల్లెనే చేశారు, అంతకుముందు కలువ ఉండేది.

మల్లె మొగ్గలు విచ్చుకోకుండా ఊదా రంగులోకి మారి రాలిపోతున్నాయి?

మొగ్గ చీల్చి చూడండి, లోపల చిన్న పురుగు ఉంటుంది. మొగ్గ తొలుచు పురుగు. రెండు మూడు మొగ్గలు గూడు కట్టినట్టు అతుక్కుని కూడా కనబడతాయి. అలాంటివన్నీ కోసి కవర్‌లో కట్టి బయట పడేయాలి, కుండీలోనే పడేస్తే మళ్లీ వస్తుంది. లీటర్ నీళ్లకి 5 ఎంఎల్ వేప నూనె, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సాయంత్రం పూట వారానికోసారి కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది, తర్వాత నన్ను అనొద్దు.

పొద్దున చలి, మధ్యాహ్నం మంట. నీళ్లు రోజుకెన్నిసార్లు పోయాలి అక్కా?

ఎన్నిసార్లు అనే లెక్కే తప్పు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి, తడి తగిలితే పోయొద్దు, లేకపోతే అడుగు నుంచి కారేదాకా పోయండి. ఇంతే, నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది కూడా ఇంతే.

ఇది నాకు బుద్ధి చెప్పింది 2023. ఆ ఫిబ్రవరి దేశం మొత్తం మీద పగటి ఎండ సగటు చూస్తే 1901 నుంచి లెక్కలు ఉన్న ఫిబ్రవరులన్నిట్లోకి ఎక్కువ అని వాతావరణ శాఖ చెప్పింది. టీవీలో ఎండలు ఎండలు అని మోగిస్తుంటే నేను కంగారుపడి పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని తిరిగా, మధ్యాహ్నం ఆకు వాలితే అప్పుడు కూడా పోశా. కానీ రాత్రుళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి, కుండీ లోపల మట్టి ఆరనే లేదు. మార్చి మొదటి వారానికి ఆరు గులాబీలు వేరు కుళ్లి పోయాయి, పీకి చూస్తే వేర్లు నల్లగా, కుళ్లిన వాసన. ఎండకి చావలేదవి, నా చేతిలో చచ్చాయి.

మధ్యాహ్నం రెండింటికి ఆకు వాలడం చాలా మొక్కలకి మామూలే, చల్లబడ్డాక అదే లేస్తుంది. సాయంత్రం ఆరింటికి కూడా వాలే ఉంటే అప్పుడు చూడండి. ఇంకో సంగతి, ట్యాంక్ నీళ్లు. మధ్యాహ్నం నల్ల ట్యాంక్ నుంచి వచ్చే నీళ్లతో చాయ్ పెట్టుకోవచ్చు, అవి మొక్కకి పోయకండి. పొద్దున ఎనిమిది లోపు పోసేయండి. బోరు నీళ్లే దిక్కైతే కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, నెలకోసారి నీళ్లు బాగా ఎక్కువ పోసి అడుగు నుంచి కారిపోనిస్తే కొంత కొట్టుకుపోతుంది.

గ్రీన్ నెట్ ఇప్పుడే కట్టేయాలా?

ఫిబ్రవరిలో కట్టొద్దు, మల్లె, గులాబీ, కాగితం పూలకి ఆ ఎండ కావాలి. నేను మార్చి మూడో వారం తర్వాతే కడతా, 50 శాతం నీడ ఉండేది, అదీ ఆకు మొక్కలు, చిన్న మొలకలు ఉన్న వైపే. అప్పటిదాకా చిన్న కుండీలు పిట్టగోడకి తూర్పు వైపుకి జరిపితే చాలు, మధ్యాహ్నం ఎండ తప్పుతుంది. ఖాళీ సిమెంటు మీద కాకుండా ఇటుకల మీద పెట్టండి, స్లాబ్ వేడి వేరుకి తగలదు.

మార్చిలో రాళ్ల వాన పడుతుందంటున్నారు, మొక్కల్ని ఎలా కాపాడుకోవాలి?

పడుతుంది, ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంది. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి, జహీరాబాద్ వైపు ఎలా పడ్డాయో గుర్తుంది కదా, పొలాలు, రోడ్లు తెల్లగా పరుచుకుపోయి ఇది కశ్మీరా తెలంగాణా అని వీడియోలన్నీ. ఎందుకంటే ఈ నెలల్లో బంగాళాఖాతం వైపు నుంచి తడి గాలి వస్తుంది, పడమర, ఉత్తరాల నుంచి పొడి గాలి వస్తుంది, కింద నేల కాగి ఉంటుంది, రెండూ కలిసినచోట మబ్బు ఒక్కసారిగా పైకి లేచిపోతుంది, అంత ఎత్తులో నీటి చుక్క గడ్డకట్టి రాయై పడుతుంది. పొద్దునంతా ఎర్రటి ఎండ, సాయంత్రం నాలుగింటికి నల్ల మబ్బు, ఈదురుగాలి, అరగంటలో అయిపోవడం, ఇదంతా దాని వల్లే.

ఎల్లో అలర్ట్, ఆరెంజ్ అలర్ట్ అని ఫోన్‌కి మెసేజ్ వస్తే ముందు ఎత్తు కుండీలు గోడ వారకి నేల మీద పడుకోబెట్టండి. వేలాడే కుండీలు దించండి, పిట్టగోడ మీద కుండీ ఒక్కటి కూడా ఉంచొద్దు, అది కింద వెళ్లేవాళ్ల తల మీద పడే సరుకు. వదులుగా కట్టిన నెట్ ఉంటే విప్పేయండి, గాలికి తెరచాపలా ఎగిరి కర్రలతో సహా మొక్కల మీద పడుతుంది, మా పక్కింట్లో అదే జరిగింది. విచ్చుకోబోయే మొగ్గలు ఉంటే కోసేసి గిన్నెలో పెట్టుకోండి, కనీసం దేవుడికైనా అందుతాయి.

పడిన తర్వాత చాలామంది చేసే తప్పు ఒకటుంది, అయ్యో దెబ్బ తిన్నది పాపం అని వెంటనే ఎరువు వేయడం. వద్దు. విరిగిన కొమ్మలు శుభ్రంగా కత్తిరించండి, చిరిగిన ఆకులు మరీ వేలాడేవి మాత్రం తీసేయండి, కుండీల కింది పళ్లేల్లో నీళ్లు పారబోయండి, నీళ్లు పోయడం మూడు నాలుగు రోజులు మర్చిపోండి. గాయాల దగ్గర బూజు వస్తుందని భయం ఉంటే లీటర్‌కి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ ఒక్కసారి కొట్టండి. పది రోజులకి కొత్త చిగురు కనబడుతుంది, ఎరువు అప్పుడు.

ఆ వాన వల్ల మంచి ఏమైనా ఉందా లేక అంతా నష్టమేనా?

ఉంది! వాన లిల్లీ దుంపలు ఒక కుండీలో వేసి మర్చిపోండి. ఎండిపోయి గడ్డి పోచల్లా ఉంటాయి, మనం పైపుతో ఎంత పోసినా పెద్దగా పట్టించుకోవు, ఒక్క మంచి వాన పడితే నాలుగైదు రోజుల్లో గులాబీ రంగు పూలు కుండీ నిండా. అరకులో కాఫీ కూడా ఇదే కథ, మార్చి ఏప్రిల్లో ఒక వాన పడితే వారం పది రోజులకి తోటంతా తెల్లగా పూసి మల్లెలాంటి వాసన వస్తుంది. ఒకే వాన మామిడికి చేటు, కాఫీకి పండగ.

డ్రమ్ములో మామిడి ఉంది, పూత నల్లబడి రాలిపోతోంది.

ముందు ఊపిరి పీల్చుకోండి. మామిడి గెలకి వేలల్లో పూలుంటాయి, వాటిలో ఎక్కువ మగపూలే, చివరికి గెలకి ఒకటో రెండో కాయలు నిలిస్తే గొప్ప. రాలడం మామూలే. నల్లబడటం వేరు. పూత మీద తెల్లటి పొడి చల్లినట్టుంటే బూడిద తెగులు, పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ ఉన్న రోజుల్లో బాగా వస్తుంది, నీటిలో కరిగే గంధకం లీటర్‌కి 3 గ్రాములు చల్లబడ్డాక కొట్టాలి. దగ్గరికెళ్తే చిన్న పురుగులు టపటపా ఎగిరి, ఆకులు జిగురుగా ఉంటే అది తేనెమంచు పురుగు, ఆ జిగురు మీదే మసి పడుతుంది. దానికి వేప నూనె పూత విచ్చుకోకముందే కొట్టాలి, పూర్తిగా విచ్చుకున్నాక ఏ మందూ కొట్టొద్దు, వాలే ఈగలూ తేనెటీగలూ పోతే కాయ ఎవరు కట్టిస్తారు? గంధకం, వేప నూనె కలిపి గానీ వెంట వెంటనే గానీ కొట్టకండి, ఆకు కాలుతుంది.

నీళ్లు పూత టైంలో బాగా తగ్గించి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మెల్లగా పెంచండి. ఒకేసారి బకెట్ పోస్తే పిందెలు రాలతాయి.

గులాబీని ఇప్పుడు కత్తిరించొచ్చా?

గట్టిగా కత్తిరించేది అక్టోబర్‌లో. ఇప్పుడు వాడిన పువ్వుని కింద ఐదు రెక్కల ఆకు పైదాకా కోయడం ఒక్కటే. మొగ్గ అంచులు గోధుమ రంగులో కాలినట్టు అయితే తామర పురుగులు, తెల్ల కాగితం మీద మొగ్గ దులిపితే సన్నగా నడుస్తూ కనబడతాయి. నీలం రంగు జిగురు అట్టలు కట్టండి, బాగా పాడైన మొగ్గలు తీసేయండి.

చామంతి అయిపోయింది, పారేయాలా?

అయ్యో వద్దు. నేల నుంచి నాలుగంగుళాలు ఉంచి కోసేయండి, అడుగున పిలకలు వస్తాయి. అవి ఎండాకాలం దాటించడమే కష్టం, నీడ పట్టున, తడి మరీ ఎక్కువ కాకుండా ఉంచి జూన్, జూలైలో విడదీసి నాటండి. చామంతి పగలు తగ్గితేనే మొగ్గ వేస్తుంది, కాబట్టి ఏప్రిల్లో ఏం వేసినా పూయదు, ఎరువులు వేస్ట్ చేసుకోకండి. వీధిలైటు పడే చోట కూడా పెట్టొద్దు.

కాగితం పూల చెట్టుకి ఆకులే ఉన్నాయి.

నీళ్లు మానండి. ఆకు వాలాక కొంచెం పోయండి. దానికి కష్టం పెడితేనే పూస్తుంది.

మందారం మొగ్గలు విప్పకుండా రాలిపోతున్నాయి?

మూడింటిలో ఒకటి. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచేయడం, లేదా మొగ్గ తొడిమ దగ్గర పిండినల్లి (తెల్లటి దూదిలా ఉంటుంది, చీమలు తిరుగుతుంటాయి), లేదా కుండీ చోటు మార్చడం. పిండినల్లికి ముందు పైపు నీళ్లతో గట్టిగా కొట్టి కడగండి, తర్వాత వేప నూనె. చీమల్ని ఆపకపోతే మళ్లీ అవే మోసుకొచ్చి పెడతాయి.

ఎండలొస్తున్నాయి కదా, ఏ ఎరువు వేయాలి?

ఆవ చెక్క, కోడి ఎరువు ఇక ఆపేయండి, కుండీలో అవి కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, మార్చిలో వేరుని కాల్చేస్తాయి. వర్మీ కంపోస్ట్, పశువుల ఎరువు బాగా మాగింది, పదిహేను రోజులకోసారి గుప్పెడు. బియ్యం కడిగిన నీళ్లు పోసినా నష్టం లేదు, కానీ దాంతోనే పూలు విరగబూస్తాయని వీడియోల్లో చెప్పేది నమ్మకండి. కుండీ పైన ఎండుటాకులు కప్పండి, అది ఏ ఎరువుకీ తీసిపోదు.

పెటూనియాలు పోయాక ఖాళీ కుండీల్లో ఏం వేయాలి?

నాచు పూలు, బిళ్ళ గన్నేరు, జిన్నియా. నాచు పూలు ఒక కొమ్మ తుంచి గుచ్చితే చాలు, మే నెల ఎండలో కూడా పొద్దున తొమ్మిదింటికి నవ్వుతూ ఉంటాయి. జిన్నియా గింజ ఫిబ్రవరి చివర్లో వేస్తే ఏప్రిల్లో పూలు.

మేం డల్లాస్‌లో ఉంటాం అక్కా. ఇంట్లో పెట్టిన మల్లె, కరివేపాకు బయట ఎప్పుడు పెట్టాలి?

మా చెల్లి అక్కడే ఉంటుంది కాబట్టి ఈ గోల బాగా తెలుసు. ఫిబ్రవరిలో ఒక రోజు 25 డిగ్రీలొచ్చి ఊరంతా పూస్తే మన వసంతం అనుకుని కుండీలు బయటికి మోసేస్తారు, రెండో రోజు గడ్డకట్టే చలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో వచ్చిన మంచుకి ఆరుబయట ఉన్న మొక్కలు ఎన్ని పోయాయో లెక్కే లేదు. డల్లాస్‌లో ఆఖరి మంచు సగటున మార్చి మధ్యలో, న్యూజెర్సీ అయితే ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య దాకా. రాత్రి 10 డిగ్రీలు, అంటే మీ లెక్కలో 50, వరసగా వారం దాటాకే బయట పెట్టండి. అదీ ఒకేసారి ఎండలో కాదు, మొదట రెండు గంటలు నీడలో, రోజూ కొంచెం పెంచుతూ పది రోజులకి పూర్తి ఎండకి. నాలుగు నెలలు కిటికీ వెలుతుర్లో ఉన్న ఆకు ఒక్కసారి ఎండ తగిలితే తెల్లగా కాలిపోతుంది.

కడియం నర్సరీల నుంచి మొక్కలు తెప్పించుకున్నా, రాగానే కుండీ మార్చాలా?

రాగానే కాదు, వారం రోజులు నీడలో అలాగే ఉంచండి, ప్రయాణం అలసట మొక్కకీ ఉంటుంది. తర్వాత సాయంత్రం పూట మార్చండి. ఆ మట్టి ముద్ద చాలాసార్లు గట్టిగా బంకలా ఉంటుంది, చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక్కటే నింపితే నీళ్లు పక్కనుంచి కారిపోయి ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. బకెట్ నీళ్లలో ముంచి బయటి అంచు కాస్త వదులు చేసి నాటండి.

ఉగాది పచ్చడికి వేప పువ్వు మన డాబా మీదే దొరికేలా చేసుకోవచ్చా?

కుండీలో వేప పెట్టి పువ్వు కోసం ఎదురుచూడటం కంటే వీధిలో చెట్టుతో స్నేహం మేలు. మా పిట్టగోడ మీదికి ఒక కొమ్మ వాలి ఉంటుంది, అదే మాకు దిక్కు. కానీ పండగ తేదీ ఒక్కచోట ఉండదు కదా, 2024లో ఏప్రిల్ 9, 2026లో మార్చి 19, మూడు వారాలు తేడా. పండగ ముందొచ్చిన ఏడు పువ్వు ఇంకా మొగ్గలోనే ఉంటుంది, ఆలస్యమైన ఏడు ఈదురుగాలికి సగం రాలిపోయి ఉంటుంది. అందుకని నేను పువ్వు బాగా ఉన్నప్పుడే సాయంత్రం కొమ్మ కింద పాత చీర పరిచి ఉంచుతా, పొద్దున్నకి రాలింది ఏరి, పుల్లలు తీసి, నీడలో ఆరబెట్టి సీసాలో పోస్తా. వచ్చే ఏడు పండగ తొందరగా వచ్చినా పచ్చడికి ఆ సీసా ఉంటుంది, మధ్యలో నేతిలో వేయించి చారులో వేసుకోవచ్చు. చీర నాలుగు మూలలా ఇటుకలు పెట్టడం మాత్రం మర్చిపోకండి, మాది ఒకసారి గాలికి ఎగిరి ఎదురింటి డిష్ యాంటెనాకి చుట్టుకుంది.